పోస్ట్‌మాన్ రాని పోస్టు డబ్బా

ఇంగ్లండ్‌కి నైరుతి మూలన డెవన్ అనే కౌంటీ, దాని నడుమ డార్ట్‌మూర్ అనే బీడునేల ఉన్నాయి. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. గ్రానైటు గుట్టలు, వాటి మధ్య కాలు పెడితే మోకాలి దాకా దిగబడే ఊబి. షెర్లాక్ హోమ్స్ చదివినవాళ్ళకి, బాస్కర్‌విల్ వారి వేటకుక్క తిరిగిన చోటు ఇదే అంటే చప్పున బొమ్మ కడుతుంది. ఈ బీడుకి ఉత్తరాన, ఏ దారీ లేని చోట, క్రాన్‌మియర్ పూల్ అని ఒక మడుగు. మడుగన్నది పేరుకే, ఎన్నో ఏళ్ళుగా అందులో నీళ్ళు లేవు. ఎందుకు లేవో చెప్పే కథ మన పేదరాశి పెద్దమ్మ కథలకి తీసిపోదు. ఓక్‌హాంప్టన్ ఊరికి ఒకప్పుడు మేయరుగా ఉన్నాయన చచ్చి దెయ్యమయ్యాడట. ఊరిని వదలకుండా పీడిస్తుంటే, జల్లెడతో ఈ మడుగు తోడి ఖాళీ చెయ్యమని శిక్ష వేశారట. ఇక యుగాంతం దాకా పీడ విరగడ అనుకున్నారు. దెయ్యం తెలివైంది. ఒక గొర్రెతోలు దొరకబుచ్చుకుని జల్లెడకి పరిచి, నీళ్ళన్నీ తోడి ఊరి మీదకే వదిలింది.

1854లో చాగ్‌ఫర్డ్ అనే ఊళ్ళో గైడుగా బతుకుతున్న జేమ్స్ పెరొట్ అనే ఆయన ఈ ఎండిన మడుగు దగ్గర రాళ్ళు పేర్చి, అందులో ఒక సీసా పెట్టాడు. తను తీసుకొచ్చిన యాత్రికులు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్ళవచ్చు. అంతే. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే ఆట మొత్తం ఆ సీసాలోంచే బయటికొచ్చింది.

ఆ కాలపు మర్యాద తెలిస్తే ఇందులో చమత్కారం తెలుస్తుంది. పెద్దమనుషులు ఎవరింటికైనా వెళ్తే, ఇంటాయన లేకపోతే కార్డు వదిలి వచ్చేవారు. ఊబిలో ఇంటాయనెవరు? దెయ్యం తప్ప ఎవరూ లేరు. అయినా కార్డు వదిలారు. "వచ్చాను, మీరు లేరు" అని. ఊరికే కొండెక్కి దిగితే ఎవరికి తెలుస్తుంది? తర్వాత వచ్చేవాడెవడో, వాడికి తెలియాలి.

1840లో బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చింది, 1870లో పోస్టు కార్డు. (మనకి కాలణా కార్డు 1879లో.) సీసా పోయి రేకు డబ్బా వచ్చింది, 1905లో సందర్శకుల పుస్తకం పెట్టారు. ఈ మధ్యలోనే ఎక్కడో ఒక చక్కని ఆచారం మొదలయింది. మీరు మీ అడ్రసు రాసి, స్టాంపు అతికించిన కార్డు ఒకటి డబ్బాలో వదిలి వస్తారు. మీ తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని తీసుకుపోయి, తమ ఊళ్ళో నిజం పోస్టు డబ్బాలో వేస్తారు. కార్డు వారంలో ఇంటికి చేరితే వెంటనే ఇంకొకరు ఆ ఊబి దాటి వచ్చారన్నమాట. రెండు నెలలు పడితే రెండు నెలలపాటు అక్కడికి మనిషి పోలేదన్నమాట. కార్డు మీద పోస్టాఫీసు ముద్ర చూస్తే ఆ వచ్చినవాళ్ళ ఊరు కూడా తెలుస్తుంది. దీన్ని లెటర్‌బాక్స్ అనడం అందుకే. పోస్ట్‌మాన్ రాడు, తర్వాతి మనిషే పోస్ట్‌మాన్. నేను పనిచేసేది మెసేజ్ క్యూల మీద. పంపినవాడికీ అందుకున్నవాడికీ పరిచయం అక్కర్లేకుండా సందేశం చేరేట్టు చూడటమే నా ఉద్యోగం. దాన్ని ఒక సీసాతో, మనుషుల మీద నమ్మకంతో నూటయాభై ఏళ్ళ కిందటే నడిపారని తెలిసిన రోజు కాస్త గర్వభంగమయింది.

చాలాకాలం ఈ డబ్బాలు వేళ్ళ మీద లెక్కపెట్టే అన్నే ఉండేవి. 1894లో బెల్‌స్టోన్ టోర్ దగ్గర ఒకటి. 1937లో వెస్టర్న్ మార్నింగ్ న్యూస్ పత్రిక పాఠకులు చందాలు వేసుకుని క్రాన్‌మియర్‌లో రాతిగూడు కట్టించారు. డార్ట్‌మూర్‌ని అడుగడుగూ నడిచి 1909లో దానికో గైడు పుస్తకం రాసిన విలియం క్రాసింగ్ పేరు మీద 1938లో డక్స్ పూల్ దగ్గర ఇంకొకటి. (అందులోనూ నీళ్ళు లేవు. ఈ జనానికి ఎండిన మడుగులంటే ఏదో మోజు.) ఇవేవీ రహస్యం కాదు. క్రాన్‌మియర్ డబ్బా సర్కారు వారి ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులోనే ఉంటుంది. కష్టమల్లా చేరుకోవడంలోనే. ఆ చుట్టుపక్కల సైన్యం తుపాకులు కాల్చి సాధన చేస్తుంది, ఎర్రజెండా ఎగిరిన రోజున పోకూడదు.

1970ల తర్వాత కథ మారింది. పదిహేను ఇరవై ఉన్న డబ్బాలు వందలై, వేలయ్యాయి. వంద ముద్రలు సేకరించినవాళ్ళకి 100 క్లబ్ అని ఒక సంఘం, ఏడాదికి రెండుసార్లు క్లూల జాబితా పుస్తకం. ప్రతి డబ్బాలో ఒక రబ్బరు ముద్ర, ఒక చిన్న పుస్తకం. మీ ముద్ర వాళ్ళ పుస్తకంలో, వాళ్ళ ముద్ర మీ పుస్తకంలో. క్లూ మాత్రం గణితం. ఫలానా గుట్ట కొన దిక్సూచిలో ఇన్ని డిగ్రీలు, ఫలానా జెండాకర్ర ఇన్ని డిగ్రీలు, ఆ రెండూ కుదిరిన చోట నిలబడి ఇన్ని అంగలు. రెండు గీతలు ఒకచోటే ఖండించుకుంటాయని పదో తరగతి రేఖాగణితం. బీడునేల కాబట్టి ఇది సాగుతుంది, నాలుగు దిక్కులా గుట్టలు కనిపిస్తాయి కదా. వేలమంది రాళ్ళ కింద చేతులు పెట్టి వెతకడం మొదలయ్యాక కొత్త తంటా వచ్చింది. డార్ట్‌మూర్ నిండా కంచుయుగపు గుడిసెల పునాదులు, సమాధుల రాళ్ళు ఉన్నాయి. డబ్బా కోసం వాటిని కదిపితే చరిత్ర పోతుంది. అందుకే పురాతన కట్టడాల్లో, రాళ్ళగోడల్లో, రాతికుప్పల్లో దాచకూడదు, సిమెంటు వాడకూడదు అని నియమాలు పెట్టుకున్నారు.

ఈ ఆట అమెరికాకి ఒక పత్రిక వ్యాసం ద్వారా వచ్చింది. 1998 ఏప్రిల్‌లో స్మిత్‌సోనియన్ పత్రిక డార్ట్‌మూర్ డబ్బాల గురించి ఒక కథనం వేసింది. అది చదివి, ఇంటర్నెట్‌లో ఒకరినొకరు పట్టుకున్న కొద్దిమంది ఈ న్యూ ఇంగ్లండ్ అడవుల్లో డబ్బాలు దాచడం మొదలుపెట్టారు. ఇక్కడ చిక్కేమిటంటే అడవిలో గుట్ట కొనలు కనపడవు. ఆకులే కనపడతాయి. రెండు దిక్కుల లెక్క కుదరదు. కాబట్టి క్లూ మాటల్లోకి మారింది. దారి, మలుపు, రాయి, మాను. కొందరు పద్యంగా రాశారు, కొందరు కథగా, కొందరు పొడుపుకథగా. లెక్కల ఆట కాస్తా చదివే ఆట అయింది.

రెండేళ్ళు తిరక్కుండానే పోటీ వచ్చింది. జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన తప్పుని 2000 మే మొదట్లో తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్లు అటూఇటూ చూపే రిసీవరు ఒక్కరాత్రిలో ఇంటి వాకిలి దాకా తీసుకురాగలిగింది. మే 3న ఓరెగన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పాడు. అదే జియోకాషింగ్. ప్రపంచమంతా పాకింది. లెటర్‌బాక్సింగ్ దాని పక్కన చిన్నచెల్లెలిలా మిగిలింది, వయసులో అది నూటనలభై ఏళ్ళు పెద్దదైనా.

నేనుండే కనెక్టికట్‌లో ఈ ఆటకి సర్కారు అండ కూడా ఉంది. రాష్ట్ర అటవీశాఖ వాళ్ళే కొన్ని స్టేట్ ఫారెస్టుల్లో డబ్బాలు పెట్టి క్లూలు రాశారు. అయిదు కనిపెట్టి చెప్తే చేతికర్ర బహుమానం. అసలు ఈ రాష్ట్రానికి కాగితాలు దాచడం కొత్తేమీ కాదు. 1687లో ఇంగ్లండ్ రాజు పంపిన గవర్నరు కాలనీ హక్కుపత్రం లాక్కోడానికి వస్తే, దాన్ని హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఓక్ చెట్టు తొర్రలో దాచారని చెప్పుకుంటారు. ఆ చెట్టు 1856లో గాలివానకి కూలింది. 1999లో వచ్చిన కనెక్టికట్ పావలా బిళ్ళ మీద అదే చెట్టు.

మా పాపకి తొమ్మిదేళ్ళు. కిందటి అక్టోబరులో దాన్ని తీసుకుని ఒక చెరువు చుట్టూ ఉన్న అడవిదారిలో ఒక డబ్బా వెతకడానికి వెళ్ళాను. ఏ చెరువో చెప్పను, చెప్తే ఆట చెడుతుంది. క్లూని కూడా కాస్త మార్చి చెప్తున్నాను. పెట్టినామె ఎవరో ఆమె అడవిపేరు తప్ప నాకు తెలియదు. ఈ ఆటలో అందరికీ కలంపేరులాగా ఒక అడవిపేరు ఉంటుంది. క్లూ సారాంశం ఇది: మిల్లు చెరువు కట్ట దాటు. నీళ్ళని కుడిచేతి పక్కన పెట్టుకుని నీలిగుర్తులు పట్టుకో. రెండో రాళ్ళగోడ తెగిన చోట ఆవులు దాటినట్టే దాటు. ముగ్గురు అక్కచెల్లెళ్ళ దగ్గర ఆగి నీటికి వీపు పెట్టు. ఇరవైరెండు అంగలు. వానకి గొడుగు పట్టే ముసలాయన పాదాల దగ్గర.

రాసినామె ఒక్క తేదీ కూడా ఇవ్వలేదు గానీ మూడువందల ఏళ్ళ చరిత్రంతా ఇందులో పెట్టేసింది. కట్ట ఎందుకుంది? ఇక్కడి చెరువుల్లో చాలావాటిని వాగుకి అడ్డుకట్ట వేసి మిల్లుల కోసం నిలిపారు. మనం సాగుకి నిలుపుకున్నాం, వీళ్ళు చక్రం తిప్పడానికి. తూము ఉంది, అలుగు ఉంది, చక్రం మాత్రం లేదు. రాళ్ళగోడ నట్టడవిలో ఎందుకు? ఇది ఒకప్పుడు అడవి కాదు కాబట్టి. పందొమ్మిదో శతాబ్దం నడుమకి ఈ దక్షిణ న్యూ ఇంగ్లండ్‌లో సగానికి పైగా నేల చెట్లు కొట్టేసిన పొలాలూ పచ్చికబీళ్ళే. ప్రతి చలికాలం మంచు నేలలోంచి కొత్త రాళ్ళని పైకి నెట్టేది, రైతు ఏరి గట్టున పేర్చేవాడు. పడమట ఒహాయోలో రాళ్ళు లేని నేల దొరికింది, మిల్లుల్లో జీతం దొరికింది. రైతులు పోయారు, చెట్లు తిరిగొచ్చాయి, గోడలు ఎక్కడివక్కడ మిగిలాయి. "ఆవులు దాటినట్టే" అంటే గోడలో దొడ్డిదారి. అది మా పాపకి అర్థమయింది, వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో దొడ్డి చూసింది కాబట్టి. నీలిగుర్తులు ఈ రాష్ట్రపు నడకదారుల గుర్తులు, 1929 నుంచి స్వచ్ఛందంగా రంగు వేస్తూ వస్తున్నారు.

ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటే ఒకే మొదటి నుంచి లేచిన మూడు ఓక్ మాన్లు. ఒకే మొదలు మూడుగా ఎందుకు చీలుతుంది? ఎవరో ఎప్పుడో గొడ్డలితో నరికితే, మోడు చుట్టూ పిలకలు వేసి, అందులో మూడు నిలబడ్డాయి. కట్టెల కోసమో బొగ్గు కోసమో. ఆ గొడ్డలి దెబ్బ లేకపోతే మాకు ఆనవాలు లేదు.

అంగ అంటే ఎవరి అంగ అన్నది పెద్ద చర్చ. రోమన్లకి రెండు అడుగులు కలిపితే ఒక అంగ. వెయ్యి అంగలు మైలు, మైలు అన్న మాటే ఆ వెయ్యి నుంచి వచ్చింది. నావి ఇరవైరెండు ఒకచోటా, పాపవి ఇరవైరెండు ఇంకోచోటా ఆగాయి. ఇక దిక్సూచి వాడే క్లూ అయితే ఇంకో మెలిక. కనెక్టికట్‌లో ముల్లు అసలు ఉత్తరానికి పదమూడు డిగ్రీలు పడమరగా చూపిస్తుంది. వంద అంగలు వేస్తే ఇరవై పైచిలుకు అంగలు పక్కకి పోతారు. హైదరాబాదులో ఈ తేడా దాదాపు లేనట్టే.

వానకి గొడుగు పట్టే ముసలాయన అంటే హెమ్లాక్. ఏడాది పొడుగునా పచ్చగా, కింద వాన పడనివ్వని చెట్టు. అలాంటి గొడుగు మాకెక్కడా కనపడలేదు. కనపడింది తొక్క రాలిపోయి, కొమ్మలు ముల్లుల్లా మిగిలిన బూడిదరంగు మాను. 1985లో కనెక్టికట్‌కి ఆసియా నుంచి వచ్చిన ఒక పేనంత పురుగు చేరింది. తెల్లటి దూదిలాంటి గూడు కట్టుకుని హెమ్లాక్ రసం పీల్చేస్తుంది. అప్పటి నుంచి ఈ చెట్లు కొండలకి కొండలే పోతున్నాయి. క్లూ రాసినప్పుడు ముసలాయన గొడుగు పట్టే ఉన్నాడు. వాక్యం అలాగే ఉంది, చెట్టు పోయింది.

వేళ్ళ మధ్య ఆకులు తీసి చూడాలి. ఆకులంటే పిడుదుల భయం. లైమ్ అనే జబ్బుకి ఆ పేరు ఈ రాష్ట్రంలోని లైమ్ ఊరి నుంచే వచ్చింది, ప్యాంటు సాక్సులో దోపుకుని వెళ్ళాం. ఇంకో భయం కూడా ఉంది, చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంటుంది. దారిన పోయేవాళ్ళకి కనపడకుండా వెతకాలన్నది ఆట నియమం. నా రంగు మనిషి అడవిలో చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి, ఎవరైనా వస్తే చెయ్యి తీసేసి ఆకాశం చూస్తుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పక్కన పిల్ల ఉండటమే నాకు పాస్‌పోర్టు. జాగింగ్ చేస్తున్న ఒకాయన ఆగి "ఏం వెతుకుతున్నారు" అన్నాడు. మా పాప "బుగ్గమీసాల పుట్టగొడుగులు" అంది. అలాంటివి ఉన్నాయో లేదో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. నవ్వి వెళ్ళిపోయాడు.

డబ్బా దొరికింది. అన్నం డబ్బా సైజు ప్లాస్టిక్ డబ్బా, రెండు జిప్‌లాక్ కవర్లు, అందులో పుస్తకం, చేత్తో చెక్కిన తాబేలు ముద్ర. మా ముద్ర పాప చెక్కింది, స్కూలు రబ్బరు మీద "అ". ముద్రకి అక్షరం తిరగేసి చెక్కాలి. తెలుగు అక్షరాన్ని అద్దంలో చూస్తే మనకే ఏ అక్షరమో తోచదు, అది రెండు రబ్బర్లు పాడుచేసి మూడోదానిలో సాధించింది. నక్కలూ గుడ్లగూబలూ ఉన్న ఆ పుస్తకంలో ఒక "అ" పడింది. మాకు ముందు చివరి ముద్ర పదమూడు నెలల కిందటిది. కింద ఒక వాక్యం: గొడుగు చచ్చిపోయింది, ముసలాయన ఉన్నాడు.

ఆ వాక్యం నాతోపాటు ఇంటికొచ్చింది. ఎందుకంటే అదే నెలలో మా నాన్నగారు ఇలాంటి పనిలోనే ఉన్నారు.

మాది కోనసీమ. మా తాతగారు కొన్న అరెకరం కొబ్బరితోట ఉంది. దాని దస్తావేజులో చెక్‌బందీ ఇలా ఉంటుంది: తూర్పు ఫలానావారి తోట, దక్షిణం పుంత, పడమర పంటబోదె, ఉత్తరం పనసచెట్టు మొదలు గట్టు. నాలుగు వాక్యాల క్లూ. ఈ పద్ధతి మనకి ఎంత పాతదంటే, తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో రాజుగారి పొగడ్తలన్నీ సంస్కృతంలో సాగుతాయి, ఇచ్చిన ఊరి పొలిమేరలు చెప్పే చోటికి వచ్చేసరికి చాలావాటిలో భాష తెలుగులోకి దిగుతుంది. పుట్ట, చింత, గుంట, గట్టు. పొగడ్త ఎవరికి అర్థమైనా కాకపోయినా ఫర్వాలేదు, హద్దు మాత్రం ఆ గట్టు మీద నడిచేవాడికి అర్థం కావాలి. తెలుగు వచనం మొదటి అడుగులు కొన్ని ఇలా పొలం గట్ల మీదే పడ్డాయని నాకు అనిపిస్తుంది. ఇక్కడి పాత దస్తావేజులూ అంతే, అక్కడి నుంచి తెల్ల ఓక్ దాకా, అక్కడి నుంచి రాళ్ళకుప్ప దాకా అని.

ఇప్పుడు మనవైపు రీసర్వే. డ్రోన్లు, ఉపగ్రహాలు, సెంటీమీటర్లలో లెక్క. నాకు అందులో తప్పేమీ కనపడదు, అంకె వస్తే తగువు తగ్గుతుంది. కానీ అంకె వెయ్యడానికి ముందు ఎవరో ఒకరు నిలబడి "ఇదీ హద్దు" అని చూపించాలి. ఆ పనస 1996 నవంబరు తుపానులో పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, చెట్టు గుర్తుంది, చోటు గుర్తులేదు. ఉత్తరపు తోటవాళ్ళ పెద్దాయన కూడా పోయారు, వాళ్ళబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. గట్టు కొంత జారిపోయింది. ఆరడుగుల తేడా, ఒక వరస కొబ్బరిచెట్లు అటా ఇటా అన్న మాట.

"చెట్టు లేదు కదా నాన్నా, ఎలా చూపిస్తారు?" అని ఫోన్‌లో అడిగాను.

"ఒరే, చెట్టు లేకపోతే మాత్రం? అదెక్కడుండేదో నాకు తెలీదేంట్రా? దాని కిందే కదా మీ తాత మంచం వేసుకునేవాడు" అన్నారు.

సర్వే రోజున పక్కవాళ్ళ అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చాడట. నాన్నగారు బోదె గట్టు నుంచి అంగలు వేసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగారట. గునపంతో తవ్వితే రెండడుగుల లోతున పుచ్చిపోయిన పసుపుపచ్చ చెక్క తగిలింది. పనసచేవ రంగు ఎవరికైనా తెలుస్తుంది. ఆ అబ్బాయి ఇంకేం మాట్లాడలేదట. అక్కడ రాయి పాతారు.

ఆ చోటి లొకేషన్ వాట్సాప్‌లో పెట్టమని నాన్నగారిని అడిగాను. రెండు రోజులకి ఫోటో వచ్చింది. మ్యాపు కాదు, రూళ్ళ కాగితం మీద నీలం పెన్నుతో రాసింది.

"లాకుల దగ్గర బస్సు దిగు. బోదెని ఎడంచేతి పక్కన ఉంచుకుని గట్టెమ్మట నడువు. మూడో తూము దగ్గర చెప్పులు చేత్తో పట్టుకో, జారుద్ది. వంగిన కొబ్బరిచెట్టు నుంచి తూర్పుకి యాభైనాలుగు అంగలు. నావి, నీవి కాదు. అక్కడ రాయుంది. పాపని కూడా తీసుకురా."